పెట్టుబడిదారీ విధానం ఎదిగిన కాలంలో స్త్రీల శ్రమ

సుమారు 1600 నుంచి 1914 వరకు మొదట ఇంగ్లండులోనూ, తర్వాత దాని వ్యాపారానికో పాలనకో లోబడిన దేశాల్లోనూ బతుకుతెరువు తీరు మారిపోయింది. భూమి, పనిముట్లు, ముడిసరుకు కొద్దిమంది చేతికి చేరాయి. మిగిలినవాళ్లకు కూలి చేసుకోవడమే దారి అయింది. ఈ మార్పు స్త్రీల పనిని ఏం చేసిందన్నది ఈ వ్యాసం విషయం. పారిశ్రామిక విప్లవంతోనే ఆడవాళ్లు ఇల్లు దాటి పనిలోకి వచ్చారని చాలా పాఠ్యపుస్తకాలు రాస్తూ వచ్చాయి. అది సరికాదు. ఫ్యాక్టరీలు పుట్టడానికి ఎన్నో తరాల ముందే ఇంగ్లండు ఆడవాళ్లు వడికి, కాచి, పితికి, అమ్మి, కూలికి వెళ్లి సంపాదించేవారు. మూడు శతాబ్దాల్లో మారినవి పనిముట్టు ఎవరిదన్నది, డబ్బు ఎవరి చేతికి వస్తుందన్నది, ఏ పనిని పనిగా లెక్క రాస్తారన్నది. ఈ మూడింటిలోనూ ఆడవాళ్లు పోగొట్టుకున్నదే ఎక్కువ.

ఇంటి ఏల్ నుంచి బీరు వ్యాపారం దాకా

ఫ్యాక్టరీ లేకుండానే పెట్టుబడి ఒక పనిని ఆడవాళ్ల చేతుల్లోంచి ఎలా తీసుకుందో చెప్పడానికి బీరు తయారీ మంచి ఉదాహరణ. 1300 ప్రాంతంలో ఇంగ్లండు పల్లెల్లో ఏల్ అనే మత్తుపానీయం కాచి అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఏల్ కొద్ది రోజుల్లోనే పులిసిపోతుంది. దూరం పంపలేరు, నిల్వ చేయలేరు. అందుకే అది ఇంట్లో ఉన్న కుండలతో ఇరుగుపొరుగుకు అమ్ముకునే చిన్న పనిగా ఉండేది. హాప్ పూలు వేసి కాచే బీరు వచ్చాక సరుకు నెలల తరబడి నిలిచింది. పెద్ద పొయ్యిలు, పీపాలు, దూరపు బేరాలు, అప్పులు అవసరమయ్యాయి. పెళ్లయిన స్త్రీకి విడిగా ఆస్తి గాని, ఒప్పందం రాసే హక్కు గాని నాటి ఇంగ్లండు చట్టంలో లేదు. ఆమె సంపాదన భర్తది. అలాంటి మనిషికి అప్పు ఎవరిస్తారు? 1600 నాటికి ఆ వృత్తి చాలావరకు మగవాళ్లదైపోయింది. ఈ కథను జుడిత్ బెన్నెట్ 1996లో వెలువరించిన పుస్తకంలో గ్రామ న్యాయస్థానాల దస్తావేజుల నుంచి తవ్వి తీశారు. ఆడవాళ్లకు చేతకాక పోయిన వృత్తి కాదది. అది లాభసాటి అయిన కొద్దీ చట్టమూ అప్పూ వాళ్లను పక్కకు నెట్టాయి. పెళ్లయిన స్త్రీ సంపాదన ఆమెదేనని పార్లమెంటు ఒప్పుకున్నది 1870లో. ఆస్తి మొత్తానికి ఆ హక్కు వచ్చింది 1882లో.

పరిగె

భూమి దగ్గర నష్టం ఇంకా సూటిగా జరిగింది. ఊరుమ్మడి పచ్చికలో ఆవును మేపుకోవడం, వంటచెరకు ఏరుకోవడం, కోతలయ్యాక చేలో పరిగె ఏరుకోవడం పేద ఇళ్లల్లో ఆడవాళ్లూ పిల్లలూ చేసే పనులు. వాటికి కూలి లేదు, కానీ వాటితో ఇల్లు నడిచేది. పద్దెనిమిదో శతాబ్దం మధ్య నుంచి వందేళ్ల పాటు పార్లమెంటు నాలుగు వేలకు పైగా చట్టాలతో ఉమ్మడి భూములకు కంచెలు వేయించింది. 1788లో సఫోక్ జిల్లా టిమ్‌వర్త్ గ్రామానికి చెందిన మేరీ హౌటన్ అనే స్త్రీ పరిగె ఏరిందని భూస్వామి వేసిన దావాలో, పరిగె ఏరుకోవడం ఎవరికీ చట్టబద్ధమైన హక్కు కాదని లండన్ న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. తీర్పు వచ్చినా చాలా ఊళ్లలో ఆడవాళ్లు ఏరడం మానలేదు, రైతులు పూర్తిగా ఆపలేకపోయారు. కానీ అప్పటిదాకా హక్కుగా ఉన్నది దయగా మారింది. ఆవు పోయిన ఇంట్లో పాలూ వెన్నా పోయాయి, వాటితోపాటు ఆడదాని చేతి సంపాదనా పోయింది. ఉమ్మడి భూములు పోవడం వల్ల కుటుంబాలు మగవాడి కూలి మీద ఆధారపడ్డాయని జేన్ హంఫ్రీస్ 1990లో రాసిన వ్యాసం ఈ విషయంలో చదవవలసినది.

నూలు

అన్నిటికంటే పెద్ద మార్పు నూలు దగ్గర వచ్చింది. రాట్నం యంత్రమైతే ఏమవుతుందో లోకం మొదట చూసింది ఆడవాళ్ల చేతి పనిలోనే. అప్పట్లో ఒక మగ్గానికి సరిపడా నూలు వడకాలంటే నాలుగు నుంచి ఎనిమిది మంది కావాలి. నేసేది ఎక్కువగా మగవాళ్లు, వడికేది దాదాపు అందరూ ఆడవాళ్లు. వ్యాపారి ఉన్నిని ఇల్లిల్లూ తిప్పి పంచి, వారం తర్వాత నూలు తూకం వేసి డబ్బిచ్చేవాడు. ఇంగ్లండులో స్త్రీలకు దొరికిన డబ్బు పనుల్లో ఇంత మందికి తిండి పెట్టినది ఇంకొకటి లేదు.

1733లో జాన్ కే ఎగిరే నాడెను తయారుచేశాక మగ్గం వేగం పెరిగి నూలుకు కరువొచ్చింది. 1760ల మధ్యలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఒక్క చక్రంతో చాలా కదుళ్లు తిప్పే జెన్నీని చేశాడు. 1769లో రిచర్డ్ ఆర్క్‌రైట్ వడికే యంత్రానికి పేటెంటు పొంది, 1771లో క్రామ్‌ఫర్డ్‌లో నీటి బలంతో నడిచే మిల్లు పెట్టాడు. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ ఈ రెండింటినీ కలిపి మ్యూల్‌ను చేశాడు. మొదటి జెన్నీలు చిన్నవి, ఇంట్లో పట్టేవి. వాటిని తిప్పింది ఆడవాళ్లే, కొన్నాళ్లు రాబడి పెరిగింది కూడా. కదుళ్ల సంఖ్య పెరిగాక జెన్నీ ఇల్లు దాటి కార్ఖానాకు చేరింది. క్రామ్‌ఫర్డ్ మిల్లు ఆడవాళ్లనూ పిల్లలనూ పిలిచి పెట్టుకుంది. మ్యూల్ మాత్రం మగవాళ్ల చేతికి వెళ్లింది. దానిలోని బరువైన బండిని ముందుకూ వెనక్కూ తొయ్యడానికి కండ కావాలన్నది మొదటి కారణం. 1825లో, మళ్లీ 1830లో రిచర్డ్ రాబర్ట్స్ తనంతట తానే నడిచే మ్యూల్‌కు పేటెంట్లు పొందాక ఆ కారణం పోయింది. అయినా మగవాళ్లే కొనసాగారు. వాళ్లకు గట్టి సంఘం ఉంది, తమ చేతికింద పనిచేసే పిల్లలను పెట్టుకునేదీ దండించేదీ వాళ్లే, యజమానికి ఆ ఏర్పాటు అనుకూలంగా ఉంది. ఏ పని ఎవరిదన్నది యంత్రం ఒక్కటే తేల్చలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇంటి దగ్గర వడికేవాళ్ల సంగతి ఏమైంది? ఎసెక్స్, సఫోక్, నార్ఫోక్ లాంటి ఉన్ని నూలు జిల్లాల్లో 1780ల తర్వాత ఒక్క తరంలో ఆ రాబడి అడుగంటింది. పక్కన మిల్లు లేదు, పొలంలో ఏడాది పొడుగునా పని లేదు. ఆ కుటుంబాలు ఊరి దానధర్మాల చిట్టాల్లోకి ఎక్కాయి. వడికేవాళ్ల కూలిపై ఆర్థిక చరిత్రకారుల మధ్య గట్టి వాదం నడుస్తోంది. కూలి ఎక్కువ కాబట్టే యంత్రాలు పుట్టాయని రాబర్ట్ అలెన్ 2009లో వాదించాడు. వేలాది చెల్లింపుల పద్దులు వెతికిన జేన్ హంఫ్రీస్, బెంజమిన్ ష్నైడర్ ఆ కూలి చాలా తక్కువని, ఎక్కువ కూలి కట్టుకథని తేల్చారు. పద్దుల ఆధారం ఉన్న వాదనే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది.

మర మగ్గం దగ్గర కథ వేరు. అక్కడ ఆడవాళ్లు గుంపులుగా చేరారు. 1853లో బ్లాక్‌బర్న్‌లో నేతగాళ్ల సంఘం యజమానులతో కుదుర్చుకున్న రేట్ల పట్టికలో గుడ్డకు రేటే తప్ప ఆడ మగ తేడా లేదు. మిగతా ఇంగ్లండులో ఆడకూలి మగకూలిలో మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే ఉన్న రోజుల్లో ఇది అరుదైన విజయం. మగవాళ్లకు ఎక్కువ మగ్గాలు అప్పగించడం వల్ల చేతికొచ్చే మొత్తంలో తేడా మిగిలిపోయింది. అయినా లాంకషైర్ నేతగత్తెలు సంఘాల్లో చేరి చందాలు కట్టారు, తర్వాతి కాలంలో ఓటు హక్కు ఉద్యమానికి కార్మిక స్త్రీల బలం అక్కడి నుంచే వచ్చింది. అట్లాంటిక్ అవతల మసాచుసెట్స్‌లోని లోవెల్ మిల్లుల్లోనూ పల్లెల నుంచి వచ్చిన పడుచులు 1834, 1836లలో సమ్మె చేశారు.

బొగ్గు గని, చట్టం

1838 జులై 4న యార్క్‌షైర్‌లోని సిల్క్‌స్టోన్ దగ్గర హస్కర్ గనిలోకి వాన నీరు దూసుకొచ్చి 26 మంది పిల్లలు చనిపోయారు. వాళ్లలో 11 మంది ఆడపిల్లలు. దేశం కదిలిపోయి రాచ విచారణ సంఘం వేసింది. 1842లో వచ్చిన దాని నివేదికలో గని స్త్రీల మాటలే వాళ్ల పేర్లతో సహా అచ్చయ్యాయి. 37 ఏళ్ల బెట్టీ హారిస్ నడుముకు పట్టీ, కాళ్ల మధ్య గొలుసుతో, నీళ్లు కారే సొరంగంలో చేతుల మీదా మోకాళ్ల మీదా పాకుతూ బొగ్గు తొట్టి లాగేది. కడుపుతో ఉన్నప్పుడూ లాగింది. స్కాట్లండు తూర్పున ఆడవాళ్లు బొగ్గు బుట్టలు వీపున మోసి నిచ్చెనలు ఎక్కేవారు.

ఆ ఏడే పార్లమెంటు స్త్రీలను, పదేళ్ల లోపు మగపిల్లలను గని లోపలి పని నుంచి నిషేధించింది. నివేదిక బొమ్మలు చూసిన పెద్దమనుషులను ఎక్కువగా కలవరపెట్టింది ఆ స్త్రీల కూలి ఎంతన్నది కాదు, చీకటిలో మగవాళ్ల పక్కన అరకొర బట్టలతో ఉన్నారన్నది. అందుకే చట్టం పని తీసేసింది గాని, పోయిన కూలికి బదులు ఏదీ ఇవ్వలేదు. కొందరు మగబట్టలు వేసుకుని మళ్లీ దిగారు. విగన్ ప్రాంతంలో గని ఒడ్డున బొగ్గు జల్లించే పనిలో ఆడవాళ్లు మిగిలారు. దాన్నీ నిషేధించాలని చూసినప్పుడు 1887లో వాళ్లు లండన్ వెళ్లి మంత్రి ముందు తమ పని తమకు కావాలని నిలబడి గెలిచారు. స్త్రీల రక్షణ చట్టాలన్నిటికీ ఈ చిక్కు ఉంది. 1844 చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్ల పనిని రోజుకు 12 గంటలకు, 1847 చట్టం 10 గంటలకు కట్టడి చేశాయి. అవి ఎందరి ప్రాణాలో కాపాడాయి. అదే సమయంలో, వయోజనురాలైన కార్మికురాలిని మైనర్ల పట్టీలో చేర్చాయి. భారతదేశంలోనూ ఇదే దారి నడిచింది: 1891 ఫ్యాక్టరీ చట్టం స్త్రీల పనికి 11 గంటల హద్దు పెట్టింది, గని లోపలి నుంచి వాళ్లను 1929 తర్వాత మెల్లగా తొలగించి, యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చిన 1943లో మళ్లీ దింపి, 1946లో మళ్లీ పైకి పంపారు.

కనిపించని పనివాళ్లు

మిల్లు, గని చుట్టూ ఎన్నో నివేదికలున్నాయి గనుక చరిత్ర అంతా అక్కడే జరిగినట్టు అనిపిస్తుంది. 1851 జనాభా లెక్కల్లో బ్రిటన్‌లో ఆడవాళ్ల వృత్తుల్లో మొదటి స్థానం ఇంటి పనిమనుషులది. మిల్లులది దాని తర్వాతే. ఇంటి పనిమనిషికి పని గంటల చట్టం లేదు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ రాడు. కుట్టుపనీ అంతే. 1863 జూన్‌లో లండన్‌లోని ఒక పేరున్న దర్జీ దుకాణంలో 20 ఏళ్ల మేరీ ఆన్ వాక్లీ రాచకుటుంబపు విందు గౌన్ల కోసం ఇరవై ఆరున్నర గంటలు ఆగకుండా కుట్టి ప్రాణం విడిచింది. పత్రికలు రాశాయి; 1867లో అచ్చయిన కార్ల్ మార్క్స్ ‘పెట్టుబడి’ గ్రంథంలో ఆమె పేరు నిలిచింది.

ఇక సొంత ఇంటి చాకిరీ. 1851 లెక్కల అధికారులు భార్య, తల్లి చేసే పనిని కూడా దేశానికి ఉపయోగపడే వృత్తిగా ఒక తరగతిలో చూపించారు. 1881 నాటికి ఇంగ్లండు జనాభా లెక్కలు గృహిణులను ‘వృత్తి లేనివారు’ పట్టీలోకి మార్చేశాయి. ఆ ముప్ఫై ఏళ్లలో వంట తగ్గలేదు, బట్టల ఉతుకూ తగ్గలేదు. మారింది కాగితం. ఆ కాగితం ఆధారంగానే తర్వాత ఇల్లాలు ఏ పనీ చేయదన్న మాట ఆర్థికశాస్త్రంలోకి ఎక్కింది.

అదే కాలంలో, భార్యను ఇంట్లో కూర్చోబెట్టి పోషించగల కూలి మగవాడికి కావాలన్న డిమాండు కార్మిక సంఘాల్లో బలపడింది. 1877 కార్మిక మహాసభలో హెన్రీ బ్రాడ్‌హర్స్ట్ ఆడవాళ్ల చోటు ఇల్లేనని బహిరంగంగా వాదించాడు. ఆ కూలి చాలామంది మగవాళ్లకు ఎన్నడూ అందలేదు. భర్త పోయినవాళ్లు, భర్త విడిచిపెట్టినవాళ్లు, పెళ్లికానివాళ్లు తక్కువ కూలికే పనిచేస్తూ వచ్చారు. ఆడకూలి తక్కువగా ఉండటానికి మాత్రం ఆ వాదన సాకుగా పనికొచ్చింది. 1888లో క్లెమెంటినా బ్లాక్ ప్రతిపాదించిన సమాన కూలి తీర్మానాన్ని అదే మహాసభ ఒప్పుకుంది. ఆ ఏడే జులైలో లండన్ బో ప్రాంతపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు సమ్మె చేసి జరిమానాలు ఎత్తివేయించారు. తెల్ల భాస్వరం దవడ ఎముకను కుళ్లబెట్టే ఆ పనిలోని దారుణాన్ని పత్రికకెక్కించినది అనీ బిసెంట్; తర్వాత మన దేశానికి వచ్చి మదనపల్లెలో కళాశాల స్థాపించిన ఆవిడే. 1910లో క్రేడ్లీ హీత్‌లో ఇంటి వెనక కొలిమిల దగ్గర గొలుసులు చేసే స్త్రీలు మేరీ మెకార్థర్ నాయకత్వంలో పది వారాలు పోరాడి, చట్టం నిర్ణయించిన కనీస రేటును యజమానుల చేత ఇప్పించుకున్నారు.

సముద్రాల మీదుగా

మాంచెస్టర్ మిల్లులకు దూది అమెరికా దక్షిణాది నుంచి వచ్చేది. దాన్ని ఏరినవాళ్లలో బానిస స్త్రీలు సగం వరకు ఉన్నారు. వాళ్ల విషయంలో పొలం పని, ప్రసవం రెండూ యజమాని లెక్కలోకి వచ్చాయి. 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. కన్నబిడ్డ ఇంకొకరి ఆస్తి అవుతుందని చట్టమే రాసిన ఈ ఏర్పాటును పక్కన పెట్టి పెట్టుబడిదారీ విధానంలో స్త్రీల చరిత్ర రాయడం అన్యాయం. జెన్నిఫర్ మోర్గన్ 2004లో వెలువరించిన పుస్తకం దీన్ని వివరంగా చూపిస్తుంది.

భారతదేశానికి వచ్చిన దెబ్బ నూలు ద్వారానే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టుకున్నది కోరమాండల్ బట్టల కోసం. నర్సాపురం పక్కన ఉన్న మాధవాయపాలెంలోనూ దాని కోఠీ ఉండేది. ఆ ఊరి పేరుమీద మడపొల్లం అనే గుడ్డ ఐరోపా అంగళ్లలో అమ్ముడయ్యేది. ఆ గుడ్డలకు నూలు వడికింది ఊళ్లలోని ఆడవాళ్లు. వ్యవసాయ కుటుంబాల వాళ్లు, వితంతువులు, ముసలివాళ్లు తీరిక చేసుకుని రాట్నం ముందు కూర్చునేవారు. సాలె ఇళ్లలో కండెలు చుట్టడం, ఆసు పోయడం కూడా ఆడవాళ్ల పనే, దానికి విడిగా కూలి లేదు. ఈ బట్టల పోటీ తట్టుకోలేకే ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ అద్దకం గుడ్డలపై నిషేధాలు పెట్టింది.

1820ల నుంచి ఇంగ్లండు మిల్లు నూలు మన సంతల్లోకి దిగింది. నేతగాడు ఆ నూలు కొనుక్కుని మగ్గం నడుపుకోగలిగాడు, దెబ్బతిన్నా చేనేత బతికింది. రాట్నానికి అలాంటి దారి లేదు. మన చరిత్ర పుస్తకాలు నేతగాళ్ల దుస్థితి చెప్పినంతగా వడికే ఆడవాళ్ల దుస్థితి చెప్పవు. సంఖ్యలో వాళ్లే ఎక్కువ. 1828లో బెంగాలీ పత్రిక ‘సమాచార్ దర్పణ్’లో శాంతిపురం నుంచి ఒక ఉత్తరం అచ్చయింది. ముగ్గురు కూతుళ్లతో మిగిలిన వితంతువు, వడికిన నూలు అమ్మి పిల్లల పెళ్లిళ్లు చేసినదాన్ని, ఇప్పుడు ఇంటికొచ్చి కొనే సాలెవాళ్లు లేరని అందులో మొరపెట్టుకుంది. వందేళ్ల తర్వాత గాంధీ దాన్ని తన పత్రికలో మళ్లీ అచ్చువేశారు. 1921లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం 20 లక్షల రాట్నాలు తిప్పించాలని పెట్టుకున్న లక్ష్యం వెనక రాట్నం పోగొట్టుకున్న జ్ఞాపకం ఉంది. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి సన్ననూలు వడికే పొందూరు స్త్రీల నేర్పు ఆ నష్టంలోంచి మిగిలిన కొద్దిపాటి సంపద.

చరిత్రకారులు ఏమన్నారు

ఈ అధ్యయనానికి పునాది వేసినవాళ్లు ఇద్దరు స్త్రీలు. ఆలిస్ క్లార్క్ 1919లో పదిహేడో శతాబ్దపు స్త్రీల పని గురించి రాస్తూ, ఇల్లే ఉత్పత్తి స్థలంగా ఉన్నప్పుడు భార్య భాగస్వామి అని, పెట్టుబడి ఆ భాగస్వామ్యాన్ని విరగ్గొట్టిందని అన్నది. ఐవీ పించ్‌బెక్ 1930లో దీన్ని సవరించింది: మార్పు కాలం బాధాకరమే, కానీ దీర్ఘకాలంలో పని ఇంటి నుంచి విడివడి స్త్రీలకు మేలు జరిగిందని ఆమె తీర్పు. 1978లో లూయీజ్ టిల్లీ, జోన్ స్కాట్ కుటుంబం చుట్టూ ఈ చర్చను నడిపారు. 2004లో సిల్వియా ఫెదెరీచీ మంత్రగత్తెల వేటను కూడా పెట్టుబడి ఆరంభంతో ముడిపెట్టింది. ఆ వాదనలోని ఆధారాలను చాలామంది నిపుణులు ఒప్పుకోలేదు. క్లార్క్ పాత ఇంటిని కొంచెం ఎక్కువ మెచ్చుకుందన్నది నిజం, మధ్యయుగంలోనూ ఆడకూలి తక్కువే. కానీ ఆస్తీ పనిముట్లూ ఎవరి చేతికి వెళ్లాయన్న ఆమె ప్రశ్న ఇంకా చెక్కుచెదరలేదు.

నర్సాపురం లేసు

ఆ ప్రశ్నకు అత్యంత స్పష్టమైన జవాబుల్లో ఒకటి గోదావరి డెల్టాలో దొరికింది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నర్సాపురం ప్రాంతంలో పేద స్త్రీలకు నేర్పిన లేసు అల్లిక ఇరవయ్యో శతాబ్దంలో ఎగుమతి వ్యాపారమైంది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర అక్కడ పనిచేసి 1982లో పుస్తకం ప్రచురించింది. వ్యాపారి దారం తూకం వేసి ఇస్తాడు, మధ్యలో ఏజెంటు తిరుగుతుంది, ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకుపని చేస్తారు, అల్లిన ముక్క ఏ దేశానికి వెళ్తుందో అల్లినామెకు తెలియదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు కూర్చుంటే వచ్చేది రూపాయి కంటే తక్కువ. అల్లేవాళ్లలో చాలామంది పరువు కోసం గడప దాటని కాపు ఇళ్ల ఆడవాళ్లు. పొలం కూలికి వెళ్లే దళిత స్త్రీ వాళ్ల కంటే ఎక్కువ సంపాదించినా, తాము ఇంట్లో ఉండటమే గొప్పగా భావించేవారు. వ్యాపారులు, ఇంటి మగవాళ్లు, చివరకు అల్లేవాళ్లు కూడా దాన్ని ఖాళీ సమయంలో చేసే పనిగానే చెప్పేవారు. పనిని కాలక్షేపమని పిలవగలిగితే కూలిని అంత కిందకు తొక్కవచ్చని మీస్ చూపించింది. ఇల్లాలు అన్న హోదా పాతకాలపు అవశేషమని, పెట్టుబడి దాన్ని కరిగిస్తుందని అనుకున్న సిద్ధాంతాలకు ఆ పుస్తకం ఎదురు నిలిచింది. ఇక్కడ ఎగుమతి వ్యాపారమే ఆ హోదాను పెంచి పోషించింది.

ఇంటి దగ్గర కూలి చేసే స్త్రీని చట్టం గుర్తించలేనిదేమీ కాదు. 1909 బ్రిటిష్ చట్టం గొలుసుల పనితోపాటు లేసు ముగింపు పనికీ కనీస రేటు నిర్ణయించే బోర్డులు ఏర్పరచింది. 1966లో వచ్చిన భారత బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లనూ కార్మికులుగా నిర్వచించింది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల స్త్రీలకూ, సోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు పద్మశాలి ఇళ్ల ఆడవాళ్లకూ భవిష్యనిధి వంటి హక్కులు అడిగే ఆధారం ఆ నిర్వచనమే అయింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి దగ్గర కూలి చేసేవాళ్ల కోసం 177వ ఒప్పందాన్ని ఆమోదించింది. భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లే చేతులకు కనీస రేటు కట్టే ప్రత్యేక చట్టం మాత్రం రాలేదు.